రొట్టె తీసేసి, మళ్లీ పెట్టి చూసిన డాక్టరు

పసిపిల్లల మలాన్ని రోజుల తరబడి డబ్బాల్లో పోగుచేసి, తూచి, అందులో కొవ్వెంత మిగిలిందో లెక్కగట్టడం ఎవరికీ ముచ్చటైన పనిగా తోచదు. కానీ గత శతాబ్దపు వైద్యంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అందులోనే ఉంది. ఆ పనికి పూనుకున్న మనిషి విల్లెం కారెల్ డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. 1905లో డోర్డ్రెక్ట్‌లో పుట్టాడు, 1962లో, 57 ఏళ్లకే పోయాడు. ఇవాళ ఎక్కడ ఏ సీలియాక్ రోగి గోధుమ మానేసి కోలుకున్నా, ఆ కోలుకోవడం వెనక 1950లో ఆయన ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఉంది. కొన్ని రకాల ధాన్యాలు సీలియాక్ రోగికి చేసే కీడు గురించిన పరిశోధన అని మాత్రమే దానికి పేరు పెట్టుకున్నాడు. పేరులో ఆర్భాటం లేదు, లోపలా లేదు.

"గ్లూటెన్ మానేశాక ప్రాణం లేచొచ్చింది" అనే మాట ఇప్పుడు హైదరాబాదు అపార్ట్‌మెంట్లలోనూ వినిపిస్తోంది. ఆ మాట డికె చెవిన పడితే ఏమనేవాడో ఊహించుకోవడం నాకు సరదా. సంతోషించేవాడు, సందేహం లేదు. ఆ వెంటనే, మళ్లీ తిని చూశారా అని అడిగేవాడు.

ఆయన ముందుకొచ్చిన ఈ సీలియాక్ జబ్బు ఎలాంటిదంటే, మొదటి నెలల్లో చక్కగా పెరిగిన బిడ్డ, పాలతో పాటు రొట్టె, గోధుమ జావ అలవాటయ్యాక కొన్నాళ్లకు చిక్కిపోవడం మొదలుపెడుతుంది. కాళ్లూ చేతులూ పుల్లలవుతాయి, పిరుదుల మీద చర్మం ముడతలు పడి వేలాడుతుంది, పొట్ట మాత్రం ఉబ్బిపోతుంది. మలం పాలిపోయి, జిడ్డుగా, భరించలేని వాసనతో రాశులుగా పడుతుంది. తల్లుల్ని మరీ కుంగదీసేది బిడ్డ తీరు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. నవ్వన్నది ఉండదు. తిండి చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. కొందరు పిల్లలు ఏళ్ల తరబడి అలా లేస్తూ పడుతూ బతికేవారు, కొందరు ఏదో ఒక చిన్న జ్వరానికే పోయేవారు.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో 1887లో ఇచ్చిన ఉపన్యాసంలో శామ్యూల్ గీ ఈ జబ్బును ఎంత చక్కగా వర్ణించాడంటే, ఇప్పటికీ దిద్దవలసింది పెద్దగా లేదు. నయమయ్యేదంటూ ఉంటే అది ఆహారం మార్చడం వల్లే అవుతుందని కూడా చెప్పాడు. ఇంత దగ్గరికొచ్చినవాడు తీరా ఏ ఆహారం అన్న దగ్గర అన్నం వద్దన్నాడు. పలచగా కోసి రెండు వైపులా బాగా కాల్చిన రొట్టె ముక్క మాత్రం ఫరవాలేదన్నాడు! ఆయన రోగుల్లో ఒక బిడ్డ రోజూ హాలెండు నుంచి వచ్చే ఆల్చిప్పలు తిని అద్భుతంగా కోలుకుంది. ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత 1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం ప్రకటించాడు. పండ్లు పెట్టడంతో పాటు రొట్టె, బిస్కట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలు మాన్పించాడు. పిల్లలు నిజంగానే తేరుకున్నారు. కీర్తి అరటిపండుకు దక్కింది. హాస్ తాను పెట్టినదాన్నే చూశాడు గాని తీసేసినదాని వైపు చూడలేదు. తిండీ కోలుకోవడమూ ఒకచోట చేరినప్పుడల్లా మనుషులు ఇక్కడే బోల్తా పడతారు. మంచి చేసిందేమిటని వెతుకుతారు. చెడు చేస్తున్నది పళ్లెంలోంచి తొలగిందేమోనన్న ఊహ ఆలస్యంగా వస్తుంది.

ఆ ఊహ డికెకు ఎప్పుడొచ్చిందో తేదీ వేసి చెప్పలేం. లైడెన్‌లో వైద్యం చదివి, ది హేగ్‌లోని యూలియానా పిల్లల ఆసుపత్రిలో శిక్షణ పొంది, 31 ఏళ్లకే, 1936లో, అదే ఆసుపత్రికి అధిపతి అయ్యాడు. రొట్టె మాన్పిస్తే తన బిడ్డకు నయంగా ఉంటోందని ఒక తల్లి చెప్పిన మాటే తొలి సూచన అని ఆయన్ని ఎరిగినవాళ్లు చెబుతూ వచ్చారు. నిజమే అయ్యుండాలి. ఇలాంటి మాటలు పిల్లల డాక్టర్లు రోజూ వింటారు. ఆవకాయ తింటే సెగ్గడ్డలు లేస్తాయనీ, ఫలానా పండు జలుబు చేస్తుందనీ మన తల్లులూ చెబుతారు. వందల మాటల్లో ఏ ఒక్కదాన్ని పట్టుకుని పదిహేనేళ్లు దానితోనే ఉండాలో ఎంచుకోవడం కూడా ఒక నైపుణ్యమే.

1930ల నడుమ నుంచే ఆయన గోధుమ లేని ఆహారాన్ని పెట్టి చూడటం మొదలుపెట్టాడు. 1941లో ఒక డచ్చి వైద్య పత్రికలో చిన్న వ్యాసం వేశాడు. అప్పటికి దేశం జర్మన్ల ఆక్రమణలో ఉంది. అరటిపండ్లు లేవు, మంచి పండ్లూ కూరగాయలూ దొరకడం లేదు. ఈ కరువులో కూడా కుదిరే సాదా పథ్యం ఒకటుందని ఆ వ్యాసం సారాంశం. రొట్టె, రస్కులు పూర్తిగా మాన్పించండి, రెండు పూటలా వేడి భోజనం, మూడో పూట గోధుమపిండి కలవని జావ. అంతే. ఓ పెద్ద సత్యం మీద చేయి పడిందన్న స్పృహ ఆ రాతలో కనిపించదు. సరుకుల కొరత కాలంలో సాటి డాక్టర్లకు పనికొచ్చే చిట్కా చెప్పినట్టుంటుంది. నాకు ఆ వ్యాసం ఇష్టం. తనకు తెలిసినంతే చెప్పి ఆగిపోయిన రచన అది.

డికె గురించి లోకంలో చెప్పుకునే కథ మాత్రం వేరు. 1944-45 చలికాలంలో పశ్చిమ నెదర్లాండ్స్‌లో తిండి లేక జనం తులిప్ దుంపలూ పంచదార దుంపలూ తిన్నారు. ఆకలికి దాదాపు 20,000 మంది చనిపోయారు. ఊరంతా శుష్కిస్తుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారని, యుద్ధం ముగిసే రోజుల్లో విమానాల నుంచి తిండి పడి రొట్టె తిరిగి రాగానే వాళ్లు మళ్లీ జబ్బుపడ్డారని, అది చూసి డికెకు మెరుపులా తట్టిందని కథ. సినిమాకు బాగుంటుంది. రొట్టె కరువైన కాలం ఆయన అనుమానాన్ని బలపరిచి ఉంటుంది, కాదనను. కానీ అనుమానం అప్పటికి దాదాపు పదేళ్ల పాతది, 1941లోనే అచ్చయింది. పైగా ఆ చలికాలంలో రొట్టె ఒక్కటే కాదు, అన్నీ మాయమయ్యాయి. అన్నీ మారిపోయిన చోట ఒకదాని తప్పు తేల్చలేం. అందుకే ఈ కథ ఎంత ప్రచారం పొందితే డికెకు అంత అన్యాయం జరుగుతున్నట్టు నాకనిపిస్తుంది. ఆయన గొప్పతనం కరువును గమనించడంలో లేదు. కరువు తీరాక, అన్నీ దొరుకుతున్న రోజుల్లో, ఒక్క గోధుమను మాత్రం తీసి, పెట్టి, మళ్లీ తీసి చూడటంలో ఉంది.

సిద్ధాంత గ్రంథంలో ఆయన పిల్లల సంఖ్యతో గొప్ప చెప్పుకోలేదు. కొద్దిమందినే తీసుకుని ఏళ్ల తరబడి వెంట నడిచాడు. ఒక్కో బిడ్డకూ బరువు, ఎత్తు గీతలు గీశాడు. పక్కనే అదే వయసు ఆరోగ్యవంతుల గీత. గోధుమ లేని కాలంలో బిడ్డ గీత మామూలు గీత వైపు ఎక్కుతుంది. గోధుమ మళ్లీ మొదలైన కాలంలో బరువు ముందు జారుతుంది, ఎత్తు తర్వాత ఆగిపోతుంది. తీసేస్తే మళ్లీ ఎక్కుతుంది. ఒకే బిడ్డ తనకు తానే సాక్ష్యం. ఇద్దరు పిల్లల్ని పోల్చితే ఒకరిది మంచి ఒళ్లు, ఒకరిది చెడ్డ ఒళ్లు అని వాదించవచ్చు. ఒకే బిడ్డలో గీత రెండు మూడు సార్లు గోధుమ వెంటే ఎక్కి దిగితే వాదన మిగలదు.

ఇందులో మనసుకు ఇబ్బంది కలిగించే సంగతి లేకపోలేదు. తేరుకుంటున్న బిడ్డకు, కీడు చేస్తుందని తాను నమ్ముతున్న పదార్థాన్నే తిరిగి పెట్టాలి. ఇవాళ ఏ నైతిక సంఘమూ దీనికి తేలిగ్గా ఒప్పుకోదు. కానీ అప్పటి వైద్యలోకం పిండిపదార్థం అరగకపోవడమే ఈ జబ్బు అని గట్టిగా నమ్మి, బియ్యం, బంగాళాదుంప సహా అన్నీ మాన్పించి పిల్లల్ని అర్ధాకలితో ఉంచుతోంది. గోధుమ ఒక్కటే దోషి అని రుజువైతే వాళ్లందరికీ కడుపునిండా తిండి దొరుకుతుంది. రుజువుకు వేరే దారి లేదు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కనే పెట్టుకోవడం తప్ప నేను తీర్పు చెప్పలేను.

బరువు మాత్రం నెమ్మది సాక్షి. జలుబు చేసినా తగ్గుతుంది, పళ్లొచ్చినా తగ్గుతుంది, ఒంట్లో నీరు చేరితే పెరుగుతుంది. పేగు లోపల ఏం జరుగుతోందో త్వరగా, అంకెలో చెప్పే సాధనం కావాలి. అది ఉట్రెక్ట్‌లో దొరికింది. అక్కడి జాతీయ పోషకాహార పరిశోధన సంస్థలో వాన్ డి కామర్ అనే రసాయనవేత్త, విల్హెల్మినా పిల్లల ఆసుపత్రిలో వైయర్స్ అనే డాక్టరు కలిసి మలంలో కొవ్వు కొలిచే కొత్త పద్ధతి తయారుచేశారు. 1949లో అది అచ్చయింది. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఆసుపత్రుల్లో అదే వాడారు.

ఆ పద్ధతిని దగ్గరగా చూడాలి. అంతకుముందు మలాన్ని ఎండబెట్టి, పొడిచేసి, అందులోంచి కొవ్వు తీసేవారు. ఆ ఎండబెట్టడం సుదీర్ఘమైన, కంపుగొట్టే వ్యవహారం, పైగా వేడికి కొన్ని కొవ్వు ఆమ్లాలు ఎగిరిపోయి లెక్క తప్పేది. వాన్ డి కామర్ ఎండబెట్టడాన్నే ఎత్తేశాడు. కొన్ని రోజుల మలాన్ని ఒకటిగా కలిపి మెదిపి, అందులోంచి ఓ ఐదు గ్రాములు తడిగానే తీసుకుంటారు. ఆల్కహాలులో కరిగించిన గాఢ క్షారంతో ఉడికిస్తారు. కొవ్వు ఏ రూపంలో ఉన్నా సబ్బుగా మారుతుంది. చల్లార్చి ఆమ్లం పోస్తే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలు బయటపడతాయి. పెట్రోలియం ఈథర్ పోసి కుదిపితే అవి పైకి తేలిన ఆ పొరలోకి చేరతాయి. ఆ పొరలోంచి కొలిచి కొంత తీసి, ఈథర్‌ను ఆవిరి చేసి, మిగిలిన ఆమ్లాన్ని బొట్టుబొట్టుగా క్షారం వేస్తూ, రంగు మారేదాకా కొలుస్తారు. ఎన్ని బొట్లు పట్టిందో అంత కొవ్వు. మామూలు గాజు సామాను చాలు, చేయి తిరిగిన పనివాడు రోజుకు ఎన్నో నమూనాలు తేల్చేస్తాడు. ప్రతి మెట్టు దగ్గరా, ఇక్కడ ఏం పోతుంది, ఎంత పోతుంది అని ఆలోచించిన మనిషి జాడ కనబడుతుంది.

ఇక లెక్క చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. బిడ్డ రోజుకు 50 గ్రాముల కొవ్వు తిని, మలంలో 5 గ్రాములు వదిలితే, నూటికి 90 పాళ్లు ఒంటికి పట్టినట్టు. ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఆ అంకె 90 పైనే ఉంటుంది. తిండిలో కొవ్వును కదలకుండా ఉంచి, ధాన్యాన్ని మాత్రం మారుస్తూ పోవాలి. ఆ మార్చడమే అసలు పరీక్ష. బియ్యం, మొక్కజొన్న, బంగాళాదుంప పెట్టినప్పుడు అంకె పడిపోలేదు. గోధుమపిండి, రై పిండి పెట్టినప్పుడు పడింది. వార్డులో నర్సులు, వంటగదిలో తూచి వడ్డించేవాళ్లు, పాత్రలు మార్చేవాళ్లు ఒక్క పూట ఏమరినా ఆ అంకె అబద్ధమవుతుంది. ఒక బిడ్డ పక్క మంచం వాడి దగ్గర్నుంచి బిస్కట్టు లాక్కుని తిన్నా అంతే. పిల్లల వార్డులో అది ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నర్సుల పేర్లు చరిత్రకెక్కలేదు గాని, ఈ పనిలో సగం వాళ్లదే.

గోధుమ దోషి అని తేలింది. గోధుమలో ఏది? డికె, వాన్ డి కామర్, వైయర్స్ ముగ్గురూ కలిసి 1953లో ప్రచురించిన వ్యాసాల్లో నన్ను కట్టిపడేసే భాగం ఇదే. గోధుమలో ఎక్కువ భాగం పిండిపదార్థమే కాబట్టి, పాత సిద్ధాంతం వాళ్లు ఇంకా తప్పించుకోగలరు. మాడుగుల హల్వా చేసే తీరు తెలిసినవాళ్లకు ఇక్కడ విషయం చప్పున అర్థమవుతుంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. హల్వా ఆ పాలతోనే. పిప్పి వేరుగా పోతుంది. గోధుమపిండి ముద్దను నీటి ధార కింద పిసుకుతూ పోయినా ఇదే జరుగుతుంది. తెల్లటి పాలుగా కారిపోయేది పిండిపదార్థం, చేతిలో రబ్బరులా సాగుతూ మిగిలేది గ్లూటెన్. బొలోన్యాలో బెక్కారి అనే పండితుడు ఈ సంగతి 1745లోనే అచ్చువేశాడు. రెండు వందల ఏళ్ల నాటి ఆ కిటుకును డచ్చి బృందం వార్డులోకి తెచ్చింది. కడిగి తీసిన గోధుమ పిండిపదార్థాన్ని పిల్లలకు పెడితే ఏమీ కాలేదు. గ్లూటెన్ పెడితే అంకె పడిపోయింది. ఆరు దశాబ్దాలుగా నేరం మోస్తున్న పిండిపదార్థం నిర్దోషిగా బయటకొచ్చింది. అక్కడితో ఆగలేదు. గ్లూటెన్‌లో ఆల్కహాలుకు కరిగే భాగాన్ని, కరగని భాగాన్ని విడదీసి చూశారు. కీడు కరిగే భాగంలో, అంటే గ్లయడిన్‌లో ఉందని తేల్చారు. (మాడుగుల హల్వా తినొచ్చన్నమాట అని ఎవరైనా సీలియాక్ రోగి ఆశపడకండి. ఆ పాలలో గ్లూటెన్ పూర్తిగా పోదు.)

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో షార్లట్ ఆండర్సన్, ఆమె సహచరులు తమ వార్డు పిల్లల మీద ఇవే పరీక్షలు చేసి 1952లో లాన్సెట్‌లో ఔనన్నారు. పేగు లోపల ఏం జరుగుతోందో కంటితో చూడటం ఆ తర్వాతి మాట. 1954లో ఆపరేషన్ బల్ల మీద తీసిన పేగు ముక్కల్లో లోపలి గోడ మీది చూషకాలు అణిగిపోయి ఉన్నాయని పాలీ అనే వైద్యుడు రాశాడు. 1956లో మార్గట్ షైనర్ నోట్లోంచి గొట్టం దించి చిన్నపేగు ముక్క తీసే సాధనం చూపించింది. డికె దగ్గర ఇవేవీ లేవు. లోపలి గాయాన్ని ఎప్పుడూ చూడకుండా, బయటికొచ్చిన వాటి తూకంతోనే దాని ఉనికి, కారణం, మందు మూడూ చెప్పగలిగాడు.

మందు అన్నాను గాని, నిజానికి బాగుచేసేది పేగే. చిన్నపేగు లోపలి గోడ నిండా మిల్లీమీటరు కూడా లేని చూషకాలు లక్షల్లో నిలబడి ఉంటాయి. వాటి మొదట్లోని గుంటల్లో కొత్త కణాలు పుట్టి, నాలుగైదు రోజుల్లో కొన దాకా ఎక్కి రాలిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో ఈ పని ఒక్క రోజు ఆగదు. సీలియాక్ రోగిలో గ్లయడిన్ తునకలు సరిగా అరగక మిగిలి, గోడ దాటి లోపలికి చేరతాయి. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు రకాలున్నవారిలో కొందరి రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులనుకుని యుద్ధానికి దిగుతుంది. ఆ పోరులో రాలేవి పుట్టేవాటికన్నా ఎక్కువై చూషకాలు అరిగి, గోడ చదునవుతుంది. ఒంటికి పట్టే వైశాల్యం లేక తిన్నది తిన్నట్టే పోతుంది. గ్లూటెన్ ఆగితే పోరు ఆగుతుంది. పుట్టించే పని ఎప్పుడూ ఆగలేదు కనుక మళ్లీ నిలబెట్టడం ఆ వారంలోనే మొదలవుతుంది.

కోలుకోవడానికి ఒక వరుస ఉంది. పిల్లల్లో ముందు మారేది మొహం. బరువు ఒక్క గ్రాము పెరగకముందే చిరాకు తగ్గి, ఆడుకోవడానికి చేయి చాస్తారు, ఆకలని అడుగుతారు. తర్వాత విరేచనం కుదుటపడుతుంది, పొట్ట తగ్గుతుంది. కొన్నాళ్లు పాలు పడనివాళ్లకు పాలు పడటం మొదలవుతుంది. పాలను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చూషకాల కొనల్లోనే తయారవుతుంది, కొనలు లేచాకే అది తిరిగొస్తుంది. ఇనుమును ఎక్కువగా పట్టేది చిన్నపేగు మొదటి భాగమే, దెబ్బ ఎక్కువ తగిలేదీ అక్కడే. అందుకే ఏళ్ల తరబడి మాత్రలకు లొంగని రక్తహీనత అన్నం, జొన్న మీదికి మారాక నెలల్లో లొంగుతుంది. పెద్దవాళ్లలో ఇదే ఎక్కువగా కనిపించే రూపం. విరేచనాలేమీ లేకుండా, ఉత్త నీరసంతో, పాలిపోయి తిరిగే మనిషి. రక్తంలోని యాంటీబాడీలు దిగడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పేగు పూర్తిగా మానడం ఇంకా వెనకబడుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, పెద్దవాళ్లలో రెండేళ్లకు పేగు మానింది నూటికి 34 మందికే, ఐదేళ్లకు 66 మందికి. పిల్లల్లో ఇంతకన్నా చాలా త్వరగా మానుతుంది. మనిషికి బాగుందనిపించడం ఒక గడియారం, పేగు మానడం మరో గడియారం. మొదటిది చూసి రెండోదాన్ని నమ్మేసి, పెళ్లి భోజనంలో ఒక్క పూరీకేమవుతుందిలే అనుకునేవాళ్లు ఎక్కువ.

బాగుందనిపించడాన్ని అంత తేలిగ్గా నమ్మకూడదని చూపిన మరో చక్కని పని ఆస్ట్రేలియాలో జరిగింది. మొనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్ బృందం 2011లో, సీలియాక్ లేకపోయినా గ్లూటెన్ వల్ల కొందరికి కడుపు బాధలు వస్తున్నాయని ప్రకటించింది. లోకమంతా దాన్ని ఎత్తి చూపింది. అదే బృందం 2013లో ఇంకాస్త గట్టి పరీక్ష పెట్టింది. పులిసి వాయువు పుట్టించే కొన్ని పిండి, చక్కెర జాతి పదార్థాలను అందరి తిండిలోంచీ ముందే తగ్గించి, ఆ తర్వాత ఏది తింటున్నదీ తెలియకుండా గ్లూటెన్ పెట్టింది. ఈసారి గ్లూటెన్‌కంటూ ప్రత్యేకమైన ప్రభావం కనబడలేదు. గోధుమలోనూ, ఉల్లిపాయలోనూ ఉండే ఫ్రక్టాన్ల మీదికి అనుమానం మళ్లింది. తమ మాటను తామే మళ్లీ పరీక్షకు పెట్టి, తగ్గించుకుని రాసిన ఆ వ్యాసం డికె వంశంలోదే.

అందుకే గోధుమ మానేయాలనుకునేవాళ్లు మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోవాలని వైద్యులు మొత్తుకుంటారు. మానేశాక యాంటీబాడీలు దిగిపోతాయి, పేగు మానుతుంది, పరీక్ష ఏమీ చెప్పదు. తేల్చుకోవాలంటే రోజూ ఒకటి రెండు రొట్టె ముక్కల లెక్కన కొన్ని వారాలు మళ్లీ తినాలి. నిజంగా జబ్బున్నవాడికి అది నరకం. సీలియాక్ అని తేలితే పథ్యం జీవితాంతం, తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష అవసరం. తేలకపోతే ఉల్లిపాయ మీదో, మరోదాని మీదో దృష్టి పెట్టొచ్చు. ఈ తేడా తెలియకుండా ఖరీదైన బిస్కట్లు కొనడం దండగ.

మన దేశం సంగతికొస్తే, 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం హర్యానా, అస్సాం, తమిళనాడులోని వెల్లూరు ప్రాంతాల్లో 23,000 మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించింది. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాన నూటికి 1.23 మందిలో కనబడితే దక్షిణాన 0.10 మందిలోనే కనబడ్డాయి. జన్యువులు మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకే పాళ్లలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాన 25 గ్రాములు. ఈ అంకెలు చూసినప్పుడల్లా, చక్కెర జబ్బు పేరుతో రాత్రి అన్నం మానేసి చపాతీలకు మారిన మన ఇళ్లు గుర్తొస్తాయి. అందరికీ ఏదో అవుతుందని కాదు. కానీ మన డాక్టర్లు ఇది ఉత్తరాది జబ్బు అని పక్కన పెట్టే రోజులు పోతున్నాయి.

పథ్యం విషయంలో తెలుగు రోగి అదృష్టవంతుడు. యూరప్ బేకరీవాళ్లు గ్లూటెన్ లేని రొట్టెను నిలబెట్టడానికి శాంథన్ జిగురు, ఇసబ్‌గోల్ పొట్టు కలుపుతూ నానా తంటాలు పడుతున్నారు. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె తట్టే ఆడవాళ్లు ఆ చిక్కుముడిని ఎప్పుడో విప్పారు. జొన్నపిండికి సాగే గుణం లేదు, అప్పడాల కర్రతో ఒత్తితే అంచులు చీలిపోతాయి. అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండిలో కొంత భాగం ఉడికి జిగురై, గ్లూటెన్ చేయాల్సిన పని అది చేస్తుంది. పిండి ముద్దను వేడి ఆరకముందే అరచేతి మడమతో బాగా మెదిపి, పొడిపిండి చల్లి, తిప్పుతూ తట్టుతూ పలచన చేస్తారు. పెనం మీద వేశాక పైన తడిబట్టతో అద్దుతారు. అది పొడిపిండిని తుడిచేస్తుంది, పై పొర ఎండి పగలకుండా చూస్తుంది. నీళ్లు చల్లారినా, ముద్ద ఎక్కువసేపు ఆగినా రొట్టె విరుగుతుంది. సంగటి, కొర్రన్నం, ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు ఎలాగూ ఉన్నాయి.

ఇక్కడ దెబ్బతీసేవి చిన్నచిన్నవి. మనం వాడే డబ్బా ఇంగువ అసలు ఇంగువ కాదు, చాలా రకాల్లో గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. సాంబారులో, పులిహోరలో, ఆవకాయలో అది చేరుతుంది. ఉప్మా రవ్వ, సేమియా సంగతి అందరికీ తెలిసినా, హోటలు రవ్వదోసె గురించి, రవ్వ ఉప్మా తీసిన గరిటెతోనే వడ్డించే పొంగలి గురించి తట్టదు. గ్లూటెన్ లేదని రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం, మన ఆహార భద్రత సంస్థదీ అదే. ఊళ్లో పిండిమరలో ముందరివాళ్లు గోధుమలు పట్టించుకుని వెళ్లాక మన జొన్నలు పోస్తే, మర గొంతులో మిగిలిన గోధుమపిండి ఆ హద్దును ఎన్నో రెట్లు దాటిస్తుంది. పథ్యం తు.చ. తప్పకుండా చేస్తున్నాం, అయినా యాంటీబాడీలు దిగడం లేదని వచ్చే రోగుల్ని పిండి ఎక్కడ పట్టిస్తున్నారని అడగాల్సిందే. కొందరు ఇంట్లోకి చిన్న మర కొనుక్కుంటున్నారు. కొనలేనివాళ్లు మరవాడితో మాట్లాడుకుని, బియ్యం మాత్రమే పట్టే మరలో, అదీ పొద్దున్నే మర కడిగాక, మొదటి వాయి తమది వేయించుకుంటున్నారు.